క్లబ్బు తలుపు తీసిన గరిటె

కాకినాడ వెళ్ళొచ్చినవాళ్ళు కోటయ్య కాజా తెస్తారు. కోటయ్య అంటే ఆ కాజా చేసిన మనిషి. ఆత్రేయపురం పూతరేకులు, మాడుగుల హల్వా, బందరు లడ్డు అన్నామంటే ఆ ఊళ్ళలో పొయ్యి ముందు కూర్చున్నవాళ్ళ పనితనానికి దండం పెట్టినట్టే. మన దగ్గర తిండికి పేరు వస్తే ఊరిదైనా వస్తుంది, వండిన చేతిదైనా వస్తుంది. శాండ్‌విచ్ సంగతి వేరు. దానికి తిన్నవాడి పేరు వచ్చింది. క్లబ్ శాండ్‌విచ్‌కైతే తిన్నవాళ్ళు కూర్చున్న చోటి పేరు కూడా తోడైంది.

కాల్చిన రొట్టె, కోడిమాంసం, బేకన్ అనే పందిమాంసం, టమాటా, పచ్చటి ఆకు, వీటన్నిటినీ పట్టి ఉంచే చిక్కటి డ్రెస్సింగ్. నిలువుగా పేర్చి, పడిపోకుండా పుల్ల గుచ్చి, మూలలకు కోసి పళ్ళెంలో పెడితే అది క్లబ్ శాండ్‌విచ్. ఇవాళ ఏ దేశం హోటల్లో దిగినా గదిలోకి తెప్పించుకునే తిండి పట్టికలో సాధారణంగా ఉంటుంది. ఎంత సాధారణమంటే, హోటళ్ళ ఖరీదు పోల్చడానికి ఒక ప్రయాణాల సంస్థ దీన్నే కొలబద్దగా పెట్టుకుంది. 2013లో ఆ లెక్క తీస్తే జెనీవాలో అన్నిటికంటే ప్రియం, మన న్యూఢిల్లీలో అన్నిటికంటే చవక అని తేలింది.

ఇంత ఊరూరా తిరిగిన తిండిని కనిపెట్టింది ఎవరు? అడిగితే పేర్లు చాలానే వినిపిస్తాయి. కొంచెం తవ్వి చూస్తే, వాటిలో ఎక్కువ భాగం కుర్చీలో కూర్చున్నవాళ్ళ పేర్లే.

ప్రభువుగారి ఆకలి

ముందు శాండ్‌విచ్ సంగతి. ఇంగ్లండులో శాండ్‌విచ్ అన్నది ఒక ఊరు. ఆ ఊరి పేరుమీద ఎర్ల్ అనే ప్రభుపదవి ఉంది. నాలుగో ఎర్ల్ జాన్ మాంటేగు 1718లో పుట్టి 1792లో పోయాడు. బ్రిటిష్ నౌకాదళాన్ని నడిపిన మంత్రి. లండన్ చూడవచ్చిన పియర్ జాఁ గ్రోస్లే అనే ఫ్రెంచి రచయిత 1770లో అచ్చువేసిన పుస్తకంలో ఒక ముచ్చట రాశాడు. ఒక మంత్రిగారు ఇరవై నాలుగు గంటలు జూదం బల్ల దగ్గరనుంచి లేవకుండా, రెండు కాల్చిన రొట్టెముక్కల మధ్య మాంసం పెట్టించుకుని ఆడుతూనే తిన్నాడట. మాంటేగు జీవితచరిత్ర రాసిన రోడ్జర్ అనే చరిత్రకారుడు ఈ మాట అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఆ రోజుల్లో ఆయనకున్న పనిభారం చూస్తే, పేకాట బల్లమీదకంటే కాగితాల బల్లమీద తినివుండటానికే అవకాశం ఎక్కువ అన్నాడు.

ఏ బల్లయితేనేం, ఆ రొట్టె కోసి మాంసం పెట్టి తెచ్చిన వంటవాడి పేరు ఆ కథలో లేదు. రొట్టెలో కూర పెట్టుకుని తినడానికి ప్రభువులే కానక్కర్లేదు కూడా. జొన్నరొట్టెలో ఉల్లిపాయ, కారం పెట్టి చుట్టుకుని చేనికి పోయిన రైతుకి ఈ విద్య ఎవరు నేర్పారు? ప్రభువు చేసింది కొత్త వంట కాదు, తిండికి ఒక పేరు తగిలించడం. ఆ పేరు కాగితంమీదకి ఎక్కింది 1762 నవంబరు 24న. తర్వాతి కాలంలో రోమన్ సామ్రాజ్య పతనం గురించి పెద్ద గ్రంథం రాసిన ఎడ్వర్డ్ గిబ్బన్ ఆ రోజు తన దినచర్యలో, లండన్‌లోని కోకో ట్రీ అనే చోట రాజ్యంలోని పెద్దమనుషులు చిన్న చిన్న బల్లల దగ్గర కూర్చుని చల్లని మాంసమో, శాండ్‌విచ్చో తింటున్నారని రాసుకున్నాడు.

ఆ కోకో ట్రీ ఒక క్లబ్బు. అంటే క్లబ్ శాండ్‌విచ్ పుట్టడానికి నూటపాతికేళ్ళ ముందే శాండ్‌విచ్ క్లబ్బులో కూర్చుని ఉందన్నమాట.

రెండే ముక్కలు, వేడివేడిగా

క్లబ్ శాండ్‌విచ్ పేరుకి జనం చెప్పే అర్థాలు సరదాగా ఉంటాయి. ఇంగ్లీషులో క్లబ్ అన్న మాటకున్న నాలుగు అక్షరాలకీ చికెన్, లెట్యూస్, అండర్, బేకన్ అని విడగొట్టి, బేకన్ కింద కోడీ ఆకూ ఉంటాయి కాబట్టి ఆ పేరు అంటారు. ఇది పేరు పుట్టాక ఎవరో తీరిగ్గా అల్లింది. రైళ్ళలో క్లబ్ కార్ అనే పెట్టెలుండేవి, అక్కడ అమ్మినందువల్ల ఆ పేరొచ్చిందని ఇంకో మాట. ఇంతకంటే పాతదీ సూటిదీ అయిన సాక్ష్యం ఒక పాత వార్తాపత్రికలో ఉంది.

1889 నవంబరు 18న న్యూయార్కులోని ఈవెనింగ్ వరల్డ్ పత్రిక, యూనియన్ క్లబ్ శాండ్‌విచ్ రుచి చూశారా అని పాఠకుల్ని అడిగింది. గ్రాహం రొట్టె ముక్కలు రెండు కాల్చి, మధ్యలో టర్కీ కోడి గాని మామూలు కోడి గాని, దానితోబాటు హామ్ అనే పందిమాంసం పెట్టి, వేడిగా ఇస్తారని వివరం కూడా చెప్పింది. యూనియన్ క్లబ్ 1836లో మొదలైంది. న్యూయార్కులో డబ్బూ వంశమూ రెండూ ఉన్న మగవాళ్ళు కలుసుకునే చోటు. అక్కడి వంటింట్లో తయారై బయటికి పేరు పాకిన తిండి ఇది.

ఆ వార్తలో లేనివి లెక్క పెట్టుకోండి. బేకన్ లేదు. ఆకు లేదు. టమాటా లేదు. మూడో రొట్టెముక్క లేదు. ముఖ్యంగా డ్రెస్సింగ్ ఊసే లేదు. ఇవాళ మనం క్లబ్ శాండ్‌విచ్ అని దేన్ని గుర్తుపడతామో అందులో సగానికి పైగా అప్పటికి వచ్చి చేరలేదు. ఉన్నదల్లా పొడి రొట్టె, వేడి మాంసం.

ఆ రొట్టె గురించి ఒక ముక్క చెప్పకపోతే కథకు ఉప్పు తక్కువైనట్టు ఉంటుంది. గ్రాహం రొట్టెకి ఆ పేరు సిల్వెస్టర్ గ్రాహం వల్ల వచ్చింది. ఆయన 1851లో చనిపోయిన ఒక క్రైస్తవ ప్రచారకుడు. తవుడు తీయని ముతక గోధుమపిండే తినండి, మాంసం మానేయండి అని ఊరూరా తిరిగి చెప్పినవాడు. ఆయన పోయిన నలభై ఏళ్ళకల్లా ఆయన పేరున్న రొట్టె మధ్యలోనే కోడినీ పందినీ కలిపి పెట్టి పెద్దమనుషులు ఆరగించారు. పేరు మిగిలింది, ఉపదేశం మాత్రం మిగల్లేదు.

జూదగృహం చెప్పుకునే కథ

న్యూయార్కు రాష్ట్రంలోనే సరటోగా స్ప్రింగ్స్ అనే ఊరుంది. ఊటనీళ్ళకీ గుర్రప్పందేలకీ పేరు. క్లబ్ శాండ్‌విచ్ మా ఊరిదే అని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. పిడిగుద్దులతో పేరు తెచ్చుకుని, ఆపైన అమెరికా చట్టసభకి కూడా ఎన్నికైన జాన్ మారిసే అనే బాక్సరు 1870లో అక్కడ ఒక జూదగృహం కట్టించాడు. ఆడవాళ్ళని, ఆ ఊరివాళ్ళని జూదం గదుల్లోకి రానిచ్చేవాడు కాదు. బయటి డబ్బు లోపలికి రావాలి, ఊళ్ళో డబ్బు పోయి తగువులు రాకూడదు. 1894లో రిచర్డ్ క్యాన్‌ఫీల్డ్ అనే ఆయన దాన్ని కొన్నాడు. ఆ జూదశాల భోజనాల గదిలోనే 1894లో క్లబ్ శాండ్‌విచ్ పుట్టిందన్నది ఊరి కథ.

తేదీ చూస్తే ఈ కథ నిలవదు. న్యూయార్కు పత్రిక దానికి ఐదేళ్ళ ముందే రాసేసింది. ఈ ఊరు చెప్పుకునే ఇంకో గొప్ప ఆలుగడ్డ చిప్స్. 1853లో జార్జ్ క్రమ్ అనే వంటవాడు, ముక్కలు లావుగా ఉన్నాయని గొణిగిన ఒక తిండిపోతు మీద కోపంతో పల్చగా తరిగి వేయించాడని, అవే చిప్స్ అయ్యాయని కథ. అదీ నిలవదు. అంతకు ముందే ఇంగ్లండులో విలియం కిచినర్ వంటల పుస్తకంలో ఆలుగడ్డని పల్చగా తరిగి వేయించే పద్ధతి ఉంది. కానీ చూడండి, ఇవాళ క్లబ్ శాండ్‌విచ్ పళ్ళెంలో పక్కన పోసి ఇచ్చేది ఆ చిప్సే. రెండు అబద్ధాలూ ఒకే పళ్ళెంలో సర్దుకుపోయాయి.

ఆ జూదగృహం కట్టడం నేటికీ ఉంది. 1911లో నగరపాలకులు కొన్నారు. ఇప్పుడు అందులో ఊరి చరిత్ర ప్రదర్శనశాల నడుస్తోంది. క్యాన్‌ఫీల్డ్ పేరు మిగిలింది. ఒంటరిగా ఆడుకునే ఒక పేకాటకి కూడా ఆయన పేరే. వంటింటి కథ చెప్పినా, తిరిగి తిరిగి యజమాని పేరు దగ్గరే ఆగుతుంది.

తలుపు బయటికి

క్లబ్బులో పుట్టిన తిండి క్లబ్బులోనే ఉండిపోతే మన దాకా వచ్చేది కాదు. సభ్యత్వం లేనివాళ్ళు, అందులోనూ ఆడవాళ్ళు, దాన్ని ఇంటి పొయ్యిమీదకి తెచ్చుకున్నారు. 1903లో ఇసబెల్ గోర్డన్ కర్టిస్ సంకలనం చేసిన గుడ్ హౌస్‌కీపింగ్ వంటల పుస్తకంలో క్లబ్ శాండ్‌విచ్ ఎలా చేయాలో ఉంది. గుడ్ హౌస్‌కీపింగ్ అమెరికా ఇల్లాళ్ళ పత్రిక. ఆ పద్ధతి ఇలా సాగుతుంది: రొట్టెముక్క కాల్చి పల్చగా వెన్న రాయాలి, సగంమీద కాల్చిన బేకన్, దానిమీద కోడి లేదా టర్కీ తెల్లమాంసం, ఒక పక్క టమాటా చక్రం, మరో పక్క లేత ఆకు, ఆపైన ధారాళంగా మయోనైజ్, చివర మిగిలిన సగం రొట్టె మూత. ఒక్క శాండ్‌విచ్‌తో భోజనం అయిపోతుందని కూడా ఆ పుస్తకం భరోసా ఇచ్చింది.

1889 నుంచి 1903 వరకు పద్నాలుగేళ్ళు. ఈలోగా వేడి హామ్ పోయి బేకన్ వచ్చింది. ఆకు, టమాటా చేరాయి. వీటన్నిటికంటే పెద్ద మార్పు మయోనైజ్. పొడి రొట్టెకీ పొడి మాంసానికీ మధ్య తడిగా, పుల్లగా, నున్నగా ఒకటి వచ్చి చేరింది. పప్పన్నంలో నెయ్యి పడితే ముద్ద ఎలా కూడుకుంటుందో, శాండ్‌విచ్‌కి డ్రెస్సింగ్ అలాంటిది. అది లేనంతకాలం ఇవి విడివిడి సరుకులు. అది వచ్చాకే ఒక వంట.

నూనెకి నీళ్ళకి సంధి

మయోనైజ్‌కి కూడా ఒక ప్రభువు కథ ఉంది. 1756లో ఫ్రెంచి సేనాని డ్యూక్ ఆఫ్ రిషెల్యూ మధ్యధరా సముద్రంలోని మినోర్కా దీవిని ఇంగ్లీషువాళ్ళ దగ్గర గెలుచుకున్నాడు. ఆ దీవిలో రేవుపట్నం పేరు మహోన్. గెలుపు విందుకి మీగడ దొరక్క, వంటవాడు గుడ్డుసొనలో నూనె గిలక్కొట్టి కొత్త సాస్ చేశాడని, ఆ ఊరి పేరే దానికి వచ్చిందని చెబుతారు. కథ బాగుంది. మాట మాత్రం ఫ్రెంచి వంటల పుస్తకాల్లో కనబడేది పందొమ్మిదో శతాబ్దం మొదట్లో, అంటే ఆ యుద్ధానికి యాభై ఏళ్ళ తర్వాత. గెలుపు విందులో అంత పేరొచ్చిన వంట యాభై ఏళ్ళు మూగగా ఉంటుందా అన్నది చరిత్రకారుల అనుమానం. ఈ కథలోనూ డ్యూక్ పేరుంది, గిలక్కొట్టిన వంటవాడి పేరు లేదు.

అయినా ఆ వంటవాడు ఎవరైనా, చేసిన పని అద్భుతం. నూనె, నీళ్ళు కలవవని మనకి సామెతలాగా తెలుసు. గుడ్డు పచ్చసొనలో లెసిథిన్ అనే పదార్థం ఉంటుంది. దాని అణువుకి ఒక కొస నీటిని పట్టుకుంటుంది, ఇంకో కొస నూనెని పట్టుకుంటుంది. సొనలో కాస్త వెనిగరో నిమ్మరసమో వేసి, నూనెని చుక్కచుక్కగా పోస్తూ గిలక్కొడితే, ప్రతి నూనెచుక్క చుట్టూ లెసిథిన్ చేరి పక్కచుక్కతో కలవకుండా కాపలా కాస్తుంది. చుక్కలు ఇరుక్కుపోయి కదల్లేనంత దగ్గరగా సర్దుకున్నప్పుడు గరిటె నిలబడేంత చిక్కదనం వస్తుంది. అమెరికా ప్రభుత్వ నిర్వచనం ప్రకారం మయోనైజ్ అనిపించుకోవాలంటే బరువులో కనీసం 65 శాతం నూనె ఉండాలి. అంత నూనె ఉన్నా చేతికి జిడ్డు నూనెలా కాక మీగడలా తగలడానికి కారణం ఈ ఏర్పాటే.

మన వంటింట్లో కవ్వం చేసేది దీనికి తలకిందుల పని. మీగడలో కొవ్వు, నీళ్ళు కలిసి ఉంటాయి. చిలికితే ఆ సంధి చెదిరి వెన్న పైకి తేలుతుంది. మయోనైజ్‌లో చిలికితే సంధి కుదురుతుంది. తొందరపడి నూనె గుమ్మరిస్తే మాత్రం విరిగిపోతుంది. అప్పుడు వేరే గిన్నెలో ఇంకో సొన వేసుకుని, విరిగినదాన్ని కొంచెం కొంచెంగా అందులో కలుపుకోవాలి. ఆవపిండి వేస్తే ఈ సంధికి ఇంకో పెద్దమనిషి తోడైనట్టు. ఆవగింజ పైపొరలో ఉండే జిగురు చుక్కల్ని విడిగా నిలపడానికి సాయపడుతుంది. ఆవని మనం ఘాటుకోసం నూరతాం, అది చేసే ఈ రెండో పని గమనించం.

పది సెంట్ల శాండ్‌విచ్

ఇప్పుడు మన కథలోకి డ్రెస్సింగ్ చేసి అమ్మినవాళ్ళు పేర్లతో వస్తారు. జర్మనీనుంచి 1903లో వలసవచ్చిన రిచర్డ్ హెల్‌మన్ 1905లో న్యూయార్కులో ఒక తినుబండారాల కొట్టు తెరిచాడు. భార్య చేతి మయోనైజ్ వేసిన సలాడ్లకి గిరాకీ ఎక్కువై, ఆ డ్రెస్సింగ్ ఒక్కటీ ఇవ్వమని జనం అడగసాగారు. 1912 ప్రాంతానికి ఆయన దాన్ని సీసాల్లో పెట్టి అమ్మడం మొదలెట్టాడు. సీసాకి నీలం రిబ్బను గుర్తు. చేయి ఆవిడది, సీసామీద పేరు మాత్రం ఆయనది.

ఐదేళ్ళ తర్వాత దక్షిణాన ఇంకో మనిషి. సౌత్ కరొలినా రాష్ట్రంలో గ్రీన్‌విల్ అనే ఊరు. మొదటి ప్రపంచయుద్ధం. ఊరి పక్కనే క్యాంప్ సెవియర్ అనే సైనికశిబిరం వెలిసింది. 1917లో యూజీనియా డ్యూక్ అనే గృహిణి ఇంట్లో శాండ్‌విచ్‌లు చేసి శిబిరంలోని క్యాంటీన్లకి పంపడం మొదలెట్టింది. ఒక్కోటి పది సెంట్లు. గుడ్డు, కోడి, జున్ను, లోపల ఏది పెట్టినా కలిపేది ఆవిడ సొంతంగా చేసుకున్న మయోనైజే. చక్కెర వేయదు. 1919లో ఒకే రోజు పదివేలకు పైగా శాండ్‌విచ్‌లు అమ్మింది. ఆ లాభంతో సరుకు చేరవేయడానికి ఒక ట్రక్కు కొంది. అమెరికాలో ఆడవాళ్ళ ఓటుహక్కు రాజ్యాంగంలో చేరింది ఆ మరుసటి ఏడు, 1920లో.

యుద్ధం అయిపోయింది. సైనికులు ఇళ్ళకి వెళ్ళిపోయారు. వెళ్ళినవాళ్ళు ఆ రుచి మరవలేదు. శాండ్‌విచ్‌లో అసలు సరుకు రొట్టె కాదు, మాంసం కాదు, పూసిన డ్రెస్సింగే అని ఆవిడ దగ్గర సరుకు అమ్మే ఉద్యోగి ఒకాయన చెప్పాడు. ఆవిడ విన్నది. శాండ్‌విచ్ వ్యాపారం వేరేవాళ్ళకి వదిలేసి, 1923లో మయోనైజ్ సీసాలమీదకి దృష్టి మళ్ళించింది. 1929లో వర్జీనియాకి చెందిన సావర్ కంపెనీకి దాన్ని అమ్మింది. సీసామీద డ్యూక్స్ అన్న పేరు నేటికీ అలాగే ఉంది. మినోర్కా గెలిచినాయనకి డ్యూక్ బిరుదు. ఈవిడకి డ్యూక్ ఇంటిపేరు. మయోనైజ్ కథలో ఇద్దరు డ్యూకులున్నా, గరిటె పట్టినది ఒక్కరే.

మూడో ముక్క పంచాయితీ

ఈలోగా రొట్టె కాల్చే పనీ, కోసే పనీ మారాయి. 1909లో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళ కరెంటు టోస్టర్ అమెరికా ఇళ్ళలోకి వచ్చింది. ఒక పక్క కాలాక చేత్తో తిప్పాలి. కాలగానే రొట్టె తనంతట పైకి లేచే టోస్టర్‌కి చార్లెస్ స్ట్రైట్ 1921లో పేటెంటు పొందాడు. 1928 జులై 7న మిసోరి రాష్ట్రంలోని చిల్లికాతి ఊళ్ళో ఒట్టో రోవెడర్ తయారుచేసిన యంత్రం మొదటిసారి సమంగా కోసిన రొట్టెని అంగట్లోకి పంపింది. ఒకే మందం ముక్కలు దొరికితే పేర్చేవాడి పని సుళువు. ఎత్తుగా కట్టినా కుదురుగా నిలుస్తుంది.

మూడో ముక్క కూడా చేరి క్లబ్ శాండ్‌విచ్ రెండంతస్తులు అయింది. ఇది అందరికీ నచ్చలేదు. అమెరికా వంటలమీద 1972లో పెద్ద పుస్తకం రాసిన జేమ్స్ బియర్డ్, క్లబ్ శాండ్‌విచ్ ప్రపంచంలోని గొప్ప శాండ్‌విచ్‌లలో ఒకటని మెచ్చుకుంటూనే, మూడు రొట్టెలది అసలు పద్ధతి కాదని తిట్టిపోశాడు. ఆ ఘోరం మొదలెట్టినవాడికి బతికినన్నాళ్ళూ పూటకొకటి చొప్పున అదే తినిపించాలని శిక్ష కూడా వేశాడు.

సాక్ష్యం ఆయన పక్షానే ఉంది, 1889లోనూ 1903లోనూ మూడో ముక్క లేదు. కానీ కడుపు నిండాలనుకునేవాళ్ళకి మూడో ముక్క చేసే మేలు ఒకటుంది. తడి టమాటాని ఒక అంతస్తులో, కరకరలాడే బేకన్‌ని ఇంకో అంతస్తులో ఉంచి, ఒకదాని నీరు ఇంకోదానికి తగలకుండా అడ్డుగోడలా నిలుస్తుంది.

మన పొయ్యిమీద

సికింద్రాబాద్ క్లబ్ 1878లో, హైదరాబాద్ నిజాం క్లబ్ 1884లో మొదలయ్యాయి. న్యూయార్కు పత్రిక ఆ వార్త వేసేనాటికే మన దగ్గర క్లబ్బులున్నాయి. ఇప్పుడు ఆ తిండి కోసం క్లబ్బు సభ్యత్వం అక్కర్లేదు, కాఫీ హోటల్లోనూ దొరుకుతుంది. బేకన్ తిననివాళ్ళ కోసం ఆ చోట్లో ఆమ్లెట్ వేసి ఇస్తారు. ఆ మార్పు బాగానే కుదిరింది. ఇబ్బంది వచ్చింది డ్రెస్సింగ్ దగ్గరే.

2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్ తయారీని, అమ్మకాన్ని ఏడాదిపాటు నిషేధించింది. హైదరాబాద్‌లో మోమోలు తిని చాలామంది జబ్బుపడి, ఒక మహిళ ప్రాణం పోయిన రోజులవి. పచ్చిగుడ్డులో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. మన ఎండలకి బయట గిన్నెలో గంటల తరబడి పెడితే అది పెరుగుతుంది. కేరళ 2023లోనే ఇలాంటి నిషేధం పెట్టింది.

అలాగని సీసా కొనుక్కోవడమొక్కటే దారి కాదు. ఆలివ్ నూనె దొరకని, దొరికినా ఖరీదు భరించలేని పాత అమెరికా ఇల్లాళ్ళు దీనికి ఎప్పుడో ఉపాయం కనిపెట్టారు. ఉడికించిన డ్రెస్సింగ్ అంటారు దాన్ని. బోస్టన్‌లో వంట నేర్పిన ఫానీ ఫార్మర్ 1896 నాటి తన పుస్తకంలో దాన్ని చేర్చింది. నూనె తక్కువ, గుడ్డు ఉడుకుతుంది, ఘాటుకి ఆవ ఉంది. మనకోసమే చేసినట్టు ఉంటుంది.

గిన్నెలో ఒక టీస్పూను ఆవపిండి, రెండు టీస్పూన్ల మైదా, ముప్పావు టీస్పూను ఉప్పు, రెండు టీస్పూన్ల చక్కెర, చిటికెడు కారం కలపండి. రెండు గుడ్ల పచ్చసొనలు వేసి ఉండలు లేకుండా గిలక్కొట్టండి. కరిగిన వెన్న ఒక టేబుల్‌స్పూను, పాలు ముప్పావు కప్పు పోయండి. పావు కప్పు వెనిగర్ చివర్లో, సన్నని ధారగా, కలుపుతూనే పోయాలి. ఒక్కసారి గుమ్మరిస్తే పాలు విరుగుతాయి. ఈ గిన్నెని మరిగే నీళ్ళ గిన్నెమీద ఆవిరి తగిలేలా పెట్టి, గరిటె ఆపకుండా తిప్పండి. ఎనిమిది పది నిమిషాల్లో గరిటె వెనక పూతలా పట్టుకునేంత చిక్కబడుతుంది. వంట థర్మామీటరు ఉంటే 71 డిగ్రీలు దాటిందో లేదో చూసుకోండి, గుడ్డు విషయంలో భయం లేదనడానికి అది గుర్తు. మైదా ఉంది కాబట్టి సొన తరకలు కట్టదు. వడకట్టి, చల్లార్చి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు రోజుల్లో వాడేయండి.

గుడ్డు వద్దనుకుంటే, గుడ్డలో మూటకట్టి నీళ్ళు వాడ్చిన గట్టి పెరుగులో తడిపి నూరిన ఆవ, మిరియాలపొడి, ఉప్పు, రెండు స్పూన్ల నూనె వేసి గిలక్కొట్టండి. ఆవ పెట్టిన పెరుగుపచ్చడి తిని పెరిగినవాళ్ళకి ఇది కొత్త రుచి కాదు, పాత చుట్టం కొత్త బట్టలు కట్టుకొచ్చినట్టు ఉంటుంది.

ఇక పేర్పు. మూడు ముక్కలు రెండువైపులా బంగారురంగు వచ్చేదాకా పెనంమీద కాల్చండి. వేడి టోస్టుల్ని అట్లలా ఒకదానిమీద ఒకటి పడేయొద్దు, ఆవిరికి మెత్తబడతాయి. ఒకదానికొకటి ఆనించి నిలబెట్టండి. టమాటా చక్రాలమీద ఉప్పు చల్లి పదినిమిషాలు ఉంచి, ఊరిన నీరు గుడ్డతో అద్దండి. ఆకుని కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఉడికించి చల్లారాక పల్చగా కోసిన కోడి రొమ్ముమాంసం సిద్ధం చేసుకోండి. మొదటి ముక్కమీద డ్రెస్సింగ్ అంచులదాకా పూయండి. ఆ పూత రొట్టెలోకి తడి దిగకుండా ఆపుతుంది. దానిమీద ఆకు, కోడి. రెండో ముక్కకి రెండు పక్కలా డ్రెస్సింగ్ రాసి మూయండి. పైన టమాటా, బేకన్ గాని మిరియాలు చల్లిన ఆమ్లెట్ గాని. మూడో ముక్క మూత. అరచేత్తో మెల్లగా ఒత్తి, నాలుగు చోట్ల పుల్లలు గుచ్చి, ఆ తర్వాతే మూలనుంచి మూలకి రెండు కోతలు కోయండి. పుల్లలు గుచ్చకముందు కోస్తే మేడ కూలుతుంది.

ఈ పేర్పులో ప్రతిదానికీ బదులుంది. కోడి లేకపోతే పనీర్, బేకన్ లేకపోతే ఆమ్లెట్, లెట్యూస్ దొరక్కపోతే సన్నగా తరిగిన క్యాబేజీ. డ్రెస్సింగ్ తీసేస్తే మాత్రం 1889 నాటి పొడి రొట్టె దగ్గరికి తిరిగి వెళ్ళిపోతాం.

యూజీనియా డ్యూక్ తన పేరుతో సహా వ్యాపారం అమ్మేశాక కాలిఫోర్నియా వెళ్ళింది. అక్కడ మళ్ళీ శాండ్‌విచ్‌ల వ్యాపారమే పెట్టింది. డ్యూక్ అన్న పేరు ఇక తనది కాదు. అందుకని కొత్త కంపెనీకి డచెస్ అని పేరు పెట్టుకుంది.